లినక్స్ అప్‌డేట్‌లో వచ్చే తగాదాలు – తీర్చుకునే పద్ధతులు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేశారు. "నీ అనుభవాలు రాయి, కష్టపడి చదివితే పైకొస్తారని రాయి" అన్నారు. ఆ మాట ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను మాత్రం నా చేతులారా చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు నాకు నేర్పిన విద్య గురించి రాస్తాను. ఇది చదివాక మీలో ఒక్కరైనా స్టడీ హాల్లో ఉన్న ఆ కంప్యూటర్‌ను నాకంటే జాగ్రత్తగా చూసుకుంటే నాకు అంతే చాలు.

ఆ రాత్రి ఏం జరిగింది?

స్టడీ హాల్లో మూల బల్ల మీద ఉన్న కంప్యూటర్ నేను తెచ్చి పెట్టిందే. పాతది. దాని మీద కొత్త విండోస్ ఎక్కదు. అందుకని డెబియన్ అనే లినక్స్ వేశాను. అప్పటికి అది డెబియన్ 11.

2024 వార్షికోత్సవానికి రెండు వారాల ముందు ముత్తుకూరు వచ్చాను. ఫంక్షన్‌లో చూపించడానికి పిల్లలు ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి పెట్టారు. వాటిని అతికించడానికి ఒక కొత్త ప్రోగ్రామ్ కావాలన్నారు. సరేనని కూర్చున్నాను. ఆ ప్రోగ్రామ్ "నాకు లిబ్‌సీ 2.34 గానీ అంతకంటే కొత్తది గానీ కావాలి" అంది. మన డెబియన్ 11లో ఉన్నది 2.31. డెబియన్ 12లో 2.36 ఉందని నాకు తెలుసు. అందుకని డెబియన్ 12 చిరునామాను కూడా జాబితాలో ఒక వరుసగా చేర్చి, ప్రోగ్రామ్ వేయమన్నాను.

స్క్రీన్ నిండా పేర్లు వచ్చాయి. "ఈ కింది ప్యాకేజీలు తీసివేయబడతాయి" అని ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని కింద నూటికి పైగా పేర్లు. చివర్లో "కొనసాగించాలా? వై ఆర్ ఎన్" అని ప్రశ్న. నేను చదవలేదు. వెనకాల పదిమంది పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు ఆలోచిస్తే తెలియదనుకుంటారేమోనని టక్కున 'వై' కొట్టాను.

పది నిమిషాల తర్వాత నల్లని తెర, దాని మీద తెల్లని అక్షరాలు. మౌస్ లేదు, బొమ్మలు లేవు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది.

ఆ కంప్యూటర్‌లో పదో తరగతి పిల్లలు 14 మందివి స్కాన్ చేసిన ఫొటోలు, కుల, ఆదాయ పత్రాలు ఉన్నాయి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గడువు ఇంకా రెండు రోజులే ఉంది. ఒక తమ్ముడు మెల్లగా వచ్చి "అన్నా, నా సర్టిఫికెట్లు పోయినట్టేనా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

మరుసటి రోజు ఉదయం ఆరుగురు ఆగలేక ఇంటర్‌నెట్ సెంటర్‌కి వెళ్లిపోయారు. అందులో ఒకడు పండక్కి వాళ్లమ్మ ఇచ్చిన డబ్బులు దానికే ఖర్చు పెట్టాడు. తర్వాత నేను తిరిగి ఇవ్వబోతే "పర్లేదన్నా" అన్నాడు గానీ తీసుకోలేదు. ఈ వ్యాసం ఆ బాకీ కింద రాస్తున్నాననుకోండి.

ఇక విషయానికి వస్తాను.

ప్యాకేజీ అంటే ఏమిటి?

లినక్స్ అనేది ఒకరు తయారు చేసి అమ్మే వస్తువు కాదు. దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని చుట్టూ వేల మంది రాసిన ప్రోగ్రాములను పోగేసి, ఒకదానితో ఒకటి పొసిగేలా సర్ది ఇచ్చే బృందాలున్నాయి. ఆ సర్ది ఇచ్చినదాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. ఉబుంటు డెబియన్ నుంచే పుట్టింది. మన దేశంలో సీడాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారంగా తయారైనదే. మన తెలుగులో లినక్స్ కనబడేలా చేయడానికి హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు 2000ల నుంచి పనిచేశారు.

ఈ డిస్ట్రిబ్యూషన్లలో ప్రతి ప్రోగ్రామూ ఒక మూటగా వస్తుంది. ఆ మూటే ప్యాకేజీ. మూట లోపల ప్రోగ్రామ్‌తో పాటు ఒక చీటీ ఉంటుంది. "నా పేరు ఇది, నా వెర్షన్ ఇది, నాకు ఫలానా ఫలానావి కావాలి, ఫలానాది ఉంటే నేను ఉండను" అని ఆ చీటీలో రాసి ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఇలాంటి మూటలు దాదాపు 70 వేలు ఉన్నాయి. అన్ని మూటల చీటీలనూ ఒకేసారి చదివి, ఏది ముందు ఏది వెనక వేయాలో లెక్క వేసే గుమస్తా పేరు ఆప్ట్. ఇది 1998 ప్రాంతంలో తయారైంది. ఆప్ట్ చెప్పినట్టు మూట విప్పి సర్దే కూలీ పేరు డీపీకేజీ. ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు ఆర్‌పీఎం అనే మూటలు, డీఎన్‌ఎఫ్ అనే గుమస్తా ఉంటారు. పేర్లు వేరు, పని ఒకటే.

ఒకదాని మీద ఒకటి ఎందుకు ఆధారపడాలి?

ఎవరికి కావలసింది వాళ్లే తెచ్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మన హాస్టల్‌లో వంద మంది ఉంటే వంద పొయ్యిలు పెట్టుకోం. ఒక వంటగది, ఒక పెద్ద గుండిగ. బియ్యంలో రాళ్లున్నాయంటే ఒక్కచోట ఏరితే అందరి కంచం బాగుపడుతుంది. కంప్యూటర్‌లో కూడా అందరికీ పనికొచ్చే పనులను లైబ్రరీలు అనే ఉమ్మడి మూటల్లో పెడతారు. పైన చెప్పిన లిబ్‌సీ అలాంటిదే. దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడుతుంది.

దీని లాభం 2014 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసింది. వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. ఆ ఉమ్మడి లైబ్రరీ మూట ఒక్కటి మార్చి, దాన్ని వాడే సర్వీసులను మళ్లీ స్టార్ట్ చేస్తే, దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ ఒకేసారి బాగయ్యాయి. తమ సొంత కాపీ లోపల దాచుకున్న ప్రోగ్రాములను మాత్రం ఒక్కొక్కటిగా వెతికి మార్చాల్సి వచ్చింది. అందుకే అప్‌డేట్ మానేయడం పరిష్కారం కాదు. చేయడం నేర్చుకోవాలి.

చీటీలో ఏం రాసి ఉంటుంది?

ప్రతి చీటీలో కొన్ని ముఖ్యమైన మాటలుంటాయి. వీటిని గుర్తు పెట్టుకుంటే సగం విద్య వచ్చినట్టే.

1. డిపెండ్స్: ఇది లేకపోతే నేను పనిచేయను. సాంబారుకు కందిపప్పు లాగా.

2. రికమెండ్స్: ఉంటే బాగుంటుంది, మామూలుగా వెంట తెచ్చుకుంటాను. సాంబారుకు మునక్కాయ లాగా.

3. సజెస్ట్స్: ఇష్టమైతే వేసుకోండి. పక్కన అప్పడం లాగా.

4. కాన్‌ఫ్లిక్ట్స్: అది ఉన్నచోట నేను ఉండను.

5. బ్రేక్స్: నేను వస్తే అది చెడిపోతుంది. ముందు దాన్ని కొత్తది చేయండి, లేదా పక్కన పెట్టండి.

6. రిప్లేసెస్: దాని ఫైళ్ల చోటు నేను తీసుకుంటాను.

7. ప్రొవైడ్స్: దాని పని నేను కూడా చేయగలను. ట్యూటర్ సారు రానిరోజు పెద్ద తరగతి అన్న స్టడీ అవర్ చూసుకున్నట్టు.

తగాదా ఎక్కడ పుడుతుంది?

మన ఊరి పిల్లలకు దీన్ని వేరే ఉదాహరణతో చెప్పనక్కర్లేదు. వరి కయ్యకు కాలువ మంచినీళ్లు కావాలి. ఉప్పునీటి రొయ్యల గుంటకు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. రెండూ మంచివే, రెండిటి మీదా మనుషులు బతుకుతున్నారు. కానీ ఒకే కయ్యలో రెండూ పెట్టలేం. ఒక కయ్యలో ఒక సమయంలో ఒకే రకం నీళ్లుంటాయి. గెనిమ సరిగా లేకపోతే పక్కవాడి ఉప్పు ఊరి మన వరి దెబ్బతింటుంది. తీరప్రాంతంలో ఈ గొడవ ఎంత పెద్దదంటే, 1996 డిసెంబర్ 11న సుప్రీం కోర్టు రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పులో పొలాలు, తాగునీరు ఉప్పుబారడం ఒక ముఖ్యమైన విషయం.

కంప్యూటర్‌లో లిబ్‌సీ లాంటి ఉమ్మడి లైబ్రరీ కూడా అంతే. మామూలుగా ఒక సిస్టమ్‌లో దానికి ఒకే వెర్షన్ ఉంటుంది. ఒక ప్రోగ్రామ్ "2.34 కంటే కొత్తది కావాలి" అంటుంది. ఇంకొకటి "పాతదైతేనే ఉంటాను, కొత్తది వస్తే చెడిపోతాను" అంటుంది. రెండిటినీ ఒకేసారి తృప్తి పరిచే వెర్షన్ లోకంలో లేదు. అప్పుడు ఆప్ట్ ముందు మూడే దారులు. మొదటిదాన్ని వేయకుండా ఉండటం, రెండోదాన్ని తీసేయడం, రెండోదానికి కూడా కొత్త వెర్షన్ తేవడం. ఆ రాత్రి ఆప్ట్ నాకు రెండో దారి చూపించింది. నేను సరే అన్నాను. తప్పు ఆప్ట్‌ది కాదు.

ఇలాంటి తగాదాలు ఎక్కువగా ఈ కారణాల వల్ల వస్తాయి:

మొదటిది, వేర్వేరు విడుదలల మూటలను కలపడం. డెబియన్ 11లో డెబియన్ 12 వరుస చేర్చి నేను చేసింది ఇదే. డెబియన్ వాళ్లే దీన్ని 'ఫ్రాంకెన్‌డెబియన్' అని పేరు పెట్టి, చేయొద్దని హెచ్చరిస్తారు.

రెండోది, బయటివాళ్ల చిరునామాలు. ఉబుంటులో పీపీఏలు అనేవి ఇలాంటివే. ఇచ్చేవారు మంచివాళ్లే అయినా వాళ్ల మూటలు మిగతా వేల మూటలతో పొసుగుతాయో లేదో పరీక్షించినవి కాకపోవచ్చు.

మూడోది, మధ్యలో ఆగిపోయిన అప్‌డేట్. కరెంటు పోయినా, ఫోన్‌లో డేటా అయిపోయినా, డిస్క్ నిండిపోయినా మూటలు సగం విప్పి ఉంటాయి.

నాలుగోది, ఎప్పుడో ఎవరో కదలకుండా కట్టేసిన ప్యాకేజీ. దీన్ని హోల్డ్ అంటారు. అది కదలదు, దాని మీద ఆధారపడినవీ కదలవు.

ఐదోది, డిస్ట్రిబ్యూషన్ వాళ్లే పెద్ద మార్పు మధ్యలో ఉండటం. 32 బిట్ల కాలమానం 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని సరిచేయడానికి 2024లో డెబియన్ వాళ్లు వందల లైబ్రరీ ప్యాకేజీల పేర్లు మార్చారు. ఆ వసంతంలో ఇంకా తయారీలో ఉన్న డెబియన్‌ను వాడేవాళ్లకు వారాల తరబడి తగాదాలే కనిపించాయి. స్థిరమైన విడుదల వాడేవాళ్లకు ఆ గొడవ అంటలేదు.

కంప్యూటరే తెలివిగా తీర్చుకోలేదా?

చాలావరకు తీర్చుకుంటుంది. కానీ ఇది పైకి కనిపించేంత సులభం కాదు. పరీక్ష హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టే పని అనుకోండి. "వీడి పక్కన వాడు ఉండాలి, వాడుంటే వీడు ఉండకూడదు, ఇద్దరిలో ఒకరు మాత్రం తప్పక ఉండాలి" అని ప్రతివాడికీ షరతులుంటే, పదిమందిని సర్దొచ్చు. పదివేల మందిని సర్దడం వేరు. ప్యాకేజీల సర్దుబాటు లెక్కల శాస్త్రంలో ఎన్‌పీ కంప్లీట్ అనే కష్టమైన వర్గానికి చెందుతుందని ఐరోపాలో ఈడాస్ అనే పరిశోధన ప్రాజెక్టు 2000ల మధ్యలో చూపించింది. ఆ తర్వాత 2008లో ఓపెన్ సూసే 11.0 తర్కశాస్త్రం నుంచి తెచ్చిన శాట్ సాల్వర్ అనే పద్ధతిని తన గుమస్తాకు పెట్టింది. డీఎన్‌ఎఫ్ కూడా అదే దారిలో నడుస్తుంది.

ఎంత మంచి సాల్వర్ అయినా షరతులను కలపగలదు గానీ, మనకు ఏది ముఖ్యమో దానికి తెలియదు. దాని దృష్టిలో డెస్క్‌టాప్ ఒక మూట, వీడియో ప్రోగ్రామ్ ఇంకొక మూట. నువ్వు వీడియో అడిగావు కాబట్టి వీడియో ఇచ్చింది. 14 మంది దరఖాస్తుల సంగతి దానికి ఎవరు చెప్పారు?

పెద్దవాళ్లూ పడ్డారు

నేనొక్కణ్ణే ఇలా చేశాననుకుని చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత 2021 నవంబర్ సంగతి తెలిసింది. కెనడాకు చెందిన లైనస్ సెబాస్టియన్ అనే ఆయన లక్షల మంది చూసే యూట్యూబ్ ఛానల్ నడుపుతారు. ఆయన పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామ్ వేయబోయారు. ఆ సమయంలో ఆ ప్యాకేజీల మధ్య ఒక తగాదా ఉంది. "ఇది ప్రమాదకరం, నిజంగా కావాలంటే 'యస్, డూ యాజ్ ఐ సే' అని మొత్తం వాక్యం టైపు చేయండి" అని ఆప్ట్ హెచ్చరించింది. ఆయన టైపు చేశారు. డెస్క్‌టాప్ పోయింది. నాది ఒక్క అక్షరం, ఆయనది ఒక వాక్యం, అంతే తేడా. ఆ సంఘటన తర్వాత ముఖ్యమైన ప్యాకేజీలను అంత తేలిగ్గా తీసేయడానికి వీల్లేకుండా ఆప్ట్‌లో మార్పు చేశారు.

తగాదా తీర్చే వరుస

ఇప్పుడు అసలు పద్ధతి. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మార్పులు చేసే ఆజ్ఞలకు ముందు 'సుడో' ఉండాలి.

మొదటి మెట్టు: చేతులు కీబోర్డు మీద నుంచి తీయండి. సందేశం మొత్తం చదవండి. ముఖ్యంగా 'రిమూవ్డ్' అనే మాట ఉన్న పేరా. అక్కడున్న పేర్లలో మీకు తెలిసినవి, డెస్క్‌టాప్ పేరు, నెట్‌వర్క్ పేరు కనిపిస్తే 'ఎన్' కొట్టండి. 'ఎన్' కొట్టడం వల్ల ఎవరి కంప్యూటరూ చెడిపోలేదు.

రెండో మెట్టు: పిల్లల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తగాదా తీరాక కాదు, ముందే.

మూడో మెట్టు: సగంలో ఆగిన పని ఉంటే పూర్తి చేయండి. 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' విప్పి వదిలేసిన మూటలను సర్దుతుంది. తర్వాత 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' తెగిన సంబంధాలను అతికిస్తుంది. ఇది కూడా ఏమి తీసేస్తానంటుందో చదివాకే ఒప్పుకోవాలి.

నాలుగో మెట్టు: 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టండి. ఇది ఏమీ మార్చదు, కొత్త చీటీల జాబితా మాత్రం తెస్తుంది. పాత జాబితాతో కొత్త మూట అడగడం కూడా ఒక్కోసారి తగాదాకు కారణం.

ఐదో మెట్టు: తగాదాలో ఉన్న ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. 'ఆప్ట్ పాలసీ' అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే ఇప్పుడున్న వెర్షన్, రాగల వెర్షన్లు, ఒక్కొక్కటి ఏ చిరునామా నుంచి వస్తుందో చూపిస్తుంది. సాధారణంగా దోషి ఇక్కడే దొరుకుతాడు. 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్' కొడితే కట్టేసిన ప్యాకేజీల పేర్లు వస్తాయి.

ఆరో మెట్టు: బయటి చిరునామా కారణమైతే దాన్ని జాబితాలో ఆపేసి, మళ్లీ అప్‌డేట్ కొట్టండి. దాని నుంచి వచ్చిన ప్యాకేజీని తీసేయండి, లేదా ప్యాకేజీ పేరు పక్కన సమానం గుర్తు పెట్టి డిస్ట్రిబ్యూషన్ వారి వెర్షన్ నంబర్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేయండి. చిన్న ప్రోగ్రాములకు ఇది చాలు. లిబ్‌సీ లాంటి పునాది రాయిని మాత్రం వెనక్కి మార్చబోకండి.

ఏడో మెట్టు: నిజంగా చేసే ముందు రిహార్సల్ చేయండి. ఆప్ట్ ఆజ్ఞలో '-ఎస్' అని చేర్చితే ఏమి జరుగుతుందో చెబుతుంది గానీ చేయదు. వార్షికోత్సవం నాటకానికి రిహార్సల్ లేకుండా స్టేజీ ఎక్కుతారా?

ఎనిమిదో మెట్టు: ముందు 'ఆప్ట్ అప్‌గ్రేడ్'. ఇది ఉన్న ప్యాకేజీని ఏదీ తీసేయదు. వీలుకానివాటిని 'కెప్ట్ బ్యాక్' అని పక్కన పెడుతుంది. ఆ మాట చూసి కంగారు పడకండి. ఉబుంటు అయితే కొన్ని అప్‌డేట్లను కావాలనే విడతల వారీగా అందరికీ ఇస్తుంది, కొన్ని రోజులు ఆగితే అవే వస్తాయి. 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' మాత్రం అవసరమైతే తీసేస్తుంది. దాన్ని చదివి వాడాలి.

ఇవన్నీ చేసినా ఆ కొత్త ప్రోగ్రామ్ కావాల్సిందే అంటే ఏం చేయాలి? దానికి వేరే గుంట తవ్వి గెనిమ కట్టాలి. ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో ప్రోగ్రామ్ తనకు కావలసిన లైబ్రరీలను తన వెంట తెచ్చుకుని వేరుగా ఉంటుంది. సర్వర్లలో కంటైనర్లు ఈ పనే చేస్తాయి. పోర్టు రోడ్డు మీద కంటైనర్ లారీలు చూసే ఉంటారు, లోపలి సరుకు లోపలే, పక్క పెట్టెతో సంబంధం లేదు. డిస్క్ చోటు, డేటా ఎక్కువ ఖర్చవుతాయి. కానీ మన వరి కయ్య మన వరి కయ్యగానే ఉంటుంది. ఆ రాత్రి నేను చేయాల్సింది ఇదే.

ఇక ఎప్పుడూ చేయకూడని పని ఒకటుంది. 'ఫోర్స్' అనే మాట ఉన్న ఆజ్ఞలతో చీటీని లెక్కచేయకుండా మూటను బలవంతంగా దించడం. ఆ రోజుకు పని అయినట్టు కనిపిస్తుంది. తర్వాతి అప్‌డేట్‌లో వడ్డీతో సహా అడుగుతుంది.

మన కంప్యూటర్ ఎలా బాగుపడింది?

నల్లని తెర ముందు కూర్చుని మొదట ఏడుపొచ్చింది. తర్వాత లాగిన్ అయి 'ఎల్ఎస్' కొట్టాను. పిల్లల ఫొటోలు, పత్రాలు అన్నీ పేర్లతో సహా కనిపించాయి. ప్యాకేజీలు వేరు, మన ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్ వేరు. ఆప్ట్ ఎన్ని మూటలు తీసేసినా హోమ్ జోలికి పోదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే, సర్టిఫికెట్లు పోయాయా అని అడిగిన తమ్ముడికి ఆ రాత్రే ధైర్యం చెప్పి ఉండేవాణ్ణి. ఆ ఆరుగురికీ ఖర్చు తప్పేది.

మరుసటి రోజు అందరూ బడికి పోయాక, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. ఏమేమి పోయాయో 'వార్, లాగ్, ఆప్ట్' ఫోల్డర్లలో ఉన్న 'హిస్టరీ.లాగ్' అనే ఫైలు చెప్పింది. ఆప్ట్ తాను చేసిన ప్రతి పనినీ తేదీ, సమయంతో అందులో రాసి పెడుతుంది.

పోయినవాటిని అలాగే వెనక్కి వేద్దామంటే కుదరలేదు. పునాది అప్పటికే డెబియన్ 12ది అయిపోయింది, పైకప్పు డెబియన్ 11ది. కాలువ సగం దాటాక వెనక్కి రావడం కంటే అవతలి గట్టు ఎక్కడమే మేలనిపించింది. జాబితాలో ఉన్న వరుసలన్నీ డెబియన్ 12కి మార్చాను. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి ముందు అప్‌డేట్, తర్వాత అప్‌గ్రేడ్, ఆ తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్, చివరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టేసరికి తెర మీద బొమ్మలు వచ్చాయి. మిగతా ఎనిమిది మంది దరఖాస్తులు ఆ రాత్రి స్టడీ హాల్లోనే పూర్తయ్యాయి. వీడియో మాత్రం ఆ ఏడాది చూపించలేదు.

మీకు అప్పగించే పని

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఇకమీదట ఆఫీసుల నుంచి, ఇళ్ల నుంచి పాత కంప్యూటర్లు ఎన్నో బయటికి వస్తాయి. మన లాంటి హాస్టళ్లకు అవి వరం. లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి. అయితే డెబియన్ 13కి పాత 32 బిట్ కంప్యూటర్ల కోసం ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. తెచ్చుకునే ముందు కంప్యూటర్ 64 బిట్‌దో కాదో చూసుకోండి. 12 నుంచి 13కి మారేటప్పుడు కూడా ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. 11 నుంచి నేరుగా 13కి దూకడాన్ని డెబియన్ వాళ్లు ఒప్పుకోరు.

కంప్యూటర్ పక్కన ఒక పాత నోటుపుస్తకం కట్టి పెట్టాను, చూసే ఉంటారు. ఏ కొత్త ప్రోగ్రామ్ వేసినా, ఏ చిరునామా చేర్చినా తేదీ వేసి అందులో రాయండి. స్టోర్ రూములో బియ్యం, పప్పు లెక్క రాసినట్టే. దరఖాస్తుల గడువు దగ్గర పడినప్పుడు, పరీక్షల ముందు అప్‌డేట్ చేయకండి. సెలవుల మొదటి రోజు మంచిది. కరెంటు ఉందా, డేటా చాలుతుందా, పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందా అని మూడు ప్రశ్నలు అడుక్కుని మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముఖ్యంగా, వెనకాల ఎంతమంది నిలబడి చూస్తున్నా, స్క్రీన్ మీద ఉన్నది చదవడానికి సిగ్గుపడకండి. ఇంగ్లీషు రాకపోతే ఒక్కొక్క మాట డిక్షనరీలో చూసుకోండి, టీచర్‌ను అడగండి. చదువు రాని మన పెద్దవాళ్లు కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి మోసపోయిన కథలు మన ఇళ్లలోనే ఉన్నాయి. చదువుకున్న మనం చదవకుండా 'వై' కొడితే అది కూడా వేలిముద్రే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి, ముత్తుకూరు